ఖాళీ పడవ ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు

మా తమ్ముడు సముద్రంలో ఎలా దొరికాడన్న సంగతి మా ఊళ్లో రెండు రకాలుగా చెప్పుకుంటారు. ప్రార్థనలో ఉన్న అక్కకు దేవుడు చోటు చూపించాడని చర్చిలో అంటారు. వల తీయడానికి పోతున్నవాళ్లకు దారిలో కనిపించాడని పడవల దగ్గర అంటారు. రెండూ మా మీద జాలితో పుట్టిన మాటలే. ఆ అక్కను నేనే కాబట్టి రెండూ నిజం కావని నాకు తెలుసు. ఇన్నాళ్లూ నేను సరిదిద్దలేదు. పోయినవాడి గురించి నలుగురిలో వాదన పెట్టుకోవడానికి నోరు రాలేదు.

పోయిన వేసవిలో పక్క పాలెంలో ఇంకో పడవ ఖాళీగా దొరికింది. మళ్లీ అందరూ ఆ పడవ చుట్టూనే తిరిగారు. ఆ మనిషి అదృష్టవంతుడు. పడవ దొరికిన చోటికి ఎంతో దూరంలో, వేరే ఊరివాళ్లు చేపలకు పోతూ అతన్ని చూశారు. ప్రాణంతో తెచ్చారు. ఆ రోజు ఒడ్డున అందరూ సంతోషంగా ఉంటే నేను ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. అదృష్టం మీద వదిలిపెట్టకూడని పని ఇది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. ఆ తర్వాతదంతా గ్రంథాలయం చదువు. ఈ మాట నేను కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. మైపాడు దగ్గరి మా ఊరి నుంచి ఇందుకూరుపేటకు వారానికి ఒకటి రెండుసార్లు గుడ్డలు, దారాల కోసం పోయేదాన్ని. నాది కుట్టుపని. సంచీ నిండా లైనింగు గుడ్డ పెట్టుకొని శాఖా గ్రంథాలయంలో కూర్చుంటే బస్సు వేళ దాకా లేచేదాన్ని కాదు. మొదట కథలు చదివాను. కథలు అయిపోయాక చరిత్ర. ఆ తర్వాత, ఎవరూ ముట్టని కింది అరలో, అట్ట ఊడిన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం పుస్తకం దొరికింది. తెలుగు మీడియానిది. దాన్ని చదవడానికి నాకు ఒక ఏడాది పట్టింది. ముందు పేజీల్లోనే సదిశలు వచ్చాయి. వేగానికి ఎంత అన్నదొక్కటే చాలదు, ఎటు అన్నది కూడా కావాలి. ఆ రెండింటినీ కలిపి ఒక బాణంగా గీయొచ్చు. ఒక బాణం మొన దగ్గర ఇంకో బాణం తోక పెట్టి గీస్తే, మొదటి తోక నుంచి చివరి మొనకు గీసిన గీతే ఫలితం. బ్లౌజు కత్తిరించేదానికి ఇది కష్టం కాదు. భుజం నుంచి చంక, చంక నుంచి నడుము కొలిచి గీసుకోవడం నాకు రోజూ ఉన్న పనే.

మా నాన్న పొలం పనులకు పోయేవాడు, మా చిన్నప్పుడే చనిపోయాడు. ఇంట్లో అమ్మ, నేను, నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన తమ్ముడు. వాడు చదువు మానేసి పడవల్లో చేరాడు. మా కులంలో, మా బంధువుల్లో సముద్రం మీదికి పోయినవాళ్లు లేరు. మా ఊరి జాలర్ల పాలెంలో ఒక పెద్దాయన ఫైబరు పడవ మీద వాడు పనిచేసేవాడు. ఇంజను విప్పి బిగించడం, వల వేయడం, తీయడం అన్నీ నేర్చుకున్నాడు. ఈత మాత్రం ముందే వచ్చు. పెన్న కాలవల్లో నేర్చుకున్నాడు.

నా చదువంటే వాడికి నవ్వులాట. ఒకసారి ఇందుకూరుపేట నుంచి వాడి బండి మీద ఇంటికి వస్తున్నాం. జోరున వాన. ఇల్లు చేరేసరికి వాడి చొక్కా ముందువైపంతా తడిసి ముద్దయింది. వెనక కూర్చున్న నా చీర కొంగు మాత్రమే తడిసింది.

"ఇదేం న్యాయమక్కా," అన్నాడు తల తుడుచుకుంటూ. "వాన ఇద్దరి మీదా పడింది. తడిసింది నేనొక్కడినే."

"వాన నిట్టనిలువుగానే పడింది. నువ్వు దానికి ఎదురు పోయినావు," అని నేను వెంటనే నేల మీద రెండు బాణాలు గీశాను. వాన బాణం కిందికి. బండి బాణం ముందుకి. బండి మీద కూర్చున్నవాడికి లోకమంతా వెనక్కి పోతున్నట్టు ఉంటుంది కాబట్టి బండి బాణాన్ని తిప్పి కలపాలి. అప్పుడు వాన ఏటవాలుగా ఎదురొస్తుంది. "దీన్ని సాపేక్ష వేగం అంటారు. రెండు సదిశల లెక్క."

"సదిశ ఎవురక్కా, బడిలో కొత్తగా చేరిన టీచరమ్మా?"

అమ్మ వంటింట్లోంచి నవ్వింది. "దానికి చెప్పే పని దొరికితే అన్నం కూడా అడగదురా. పోయి గుడ్డలు మార్చుకోబో."

వాడు మార్చుకొని వచ్చి, అన్నం ముందు కూర్చొని, ఉన్నట్టుండి అన్నాడు. "అది మా పడవ మీద కూడా ఉండాదిలే. గాలెంబడి ఇంజనేసుకోని పోతా ఉంటే గాలి ఆగిపోయినట్టు ఉంటది. చొక్కా కూడా కదలదు. ఇంజను ఆపితే అప్పుడు ఎనకనించి ఒక్క తోపు తోస్తది. ఖాళీ పడవైతే ఇంకా చెప్పాల్సిన పన్లా, కాగితం మాదిరి పోతది."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పుస్తకంలో లేని ఉదాహరణ. దాన్ని మరునాడు గ్రంథాలయంలో మేడంగారికి చెప్పాను. ఆమె నవ్వి, మీ తమ్ముడిని కూడా తీసుకురండి అన్నారు. వాడు రాలేదు. వాడికి ఆదివారం తప్ప తీరిక లేదు, ఆదివారం గ్రంథాలయం ఉన్నా వాడు క్రికెట్టుకు పోయేవాడు.

నైరుతి వానలు ముగిసి, ఇంకా ఈశాన్యపు వానలు మొదలుకాని రోజులు మా తీరంలో కొంచెం తికమకగా ఉంటాయి. గాలి ఇంకా దక్షిణం నుంచే కొడుతూ ఉంటుంది. నీళ్లు మాత్రం అప్పటికే దక్షిణానికి తిరిగి ఉంటాయి. అంటే గాలి ఉత్తరానికి తోస్తుంది, నీళ్లు దక్షిణానికి లాగుతాయి. ఇది పాలెంలో అందరికీ తెలిసిన సంగతే. నాకు వాడు చెప్తేనే తెలిసింది.

అలాంటి రోజుల్లోనే వాడు ఒకనాడు తెల్లవారకముందే ఒంటరిగా పోయాడు. తోడు వచ్చే కుర్రవాడికి జ్వరం. ముందురోజు సాయంత్రం రాయి కట్టి వేసి వచ్చిన వల ఒకటి దగ్గర్లోనే ఉంది. దాన్ని తీసుకొని ఎండెక్కే లోపల వస్తానన్నాడు. అమ్మ చద్దన్నం కట్టి ఇచ్చింది. నేను నిద్ర లేచేసరికే బండి లేదు.

ఎండ ఎక్కింది. వాడు రాలేదు. పడవ పెద్దాయన ఇద్దరిని తీసుకొని ఇంకో పడవలో వల దగ్గరికి పోయాడు. వల అక్కడే ఉంది. సగం తీసి ఉంది. ఒక చివర జెండా ఉంది. ఇంకో చివర తేలడానికి కట్టే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా లేదు. తాడు కత్తితో కోసి ఉంది. కాలికో చేతికో వల చుట్టుకొని నీళ్లలో పడి ఉంటాడని, విడిపించుకొని డబ్బా కోసుకొని పట్టుకున్నాడని వాళ్లకు అప్పుడే అర్థమైంది. ఆ మాట మా ఇంటికి కబురు పంపించారు. డబ్బా ఉంది కాబట్టి తేలుతూనే ఉంటాడు, భయపడొద్దు అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుంది. డబ్బా పెద్దదా చిన్నదా అని వచ్చిన ప్రతివాళ్లనూ అడిగింది.

వల చుట్టుపక్కల వాళ్లు కొంతసేపు తిరిగారు. అలల మీద మనిషి తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. అంతలో ఫోను వచ్చింది. పెన్న సముద్రంలో కలిసే చోటు దాటి, ఇంకా ఉత్తరాన, కాస్త లోపలికి, వాడు తీసుకుపోయిన పడవ ఖాళీగా పోతూ ఉంటే వేరే ఊరివాళ్లు పట్టుకొని కట్టేసుకున్నారు. ఇక అందరూ అటే పోయారు. పాలెంలో ఉన్న పడవలన్నీ పోయాయి. ఎవరూ పిలవకుండానే, ఎవరి డీజిలు వాళ్లు పోసుకొని పోయారు. మెరైన్ పోలీసుల పడవ వచ్చింది, మావాళ్లు చూపించిన చోటే వాళ్లూ వెతికారు. చీకటి పడేదాకా ఆ పడవ దొరికిన చోటు చుట్టూ తిరిగి వాడిని పేరు పెట్టి పిలిచారట.

ఎందుకు అక్కడ వెతికారో చెప్పాలి. మా పాలెంలో ఒక నమ్మకం ఉంది. పడవ తన మనిషిని వదలదు అంటారు. కొత్త పడవను మొదటిసారి నీళ్లలోకి తోసేటప్పుడు ఆ మాటే దాని చెవిలో చెప్పినట్టు ముక్కు దగ్గర వంగి చెప్తారు, హిందువులైనా మావాళ్లైనా. పడవ ఎక్కడ ఆగితే మనిషి ఆ చుట్టుపక్కలే ఉంటాడని తాతల నాటి నుంచి నమ్మకం. నమ్మకమే కాదు, ప్రేమ కూడా. పడవ మనిషిని వదిలేసి పోయిందని అనుకోవడానికి వాళ్లకు మనసు రాదు.

మరునాడు తెల్లవారగానే పడవలు మళ్లీ ఉత్తరానికి పోయాయి. అమ్మ చర్చిలో ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అప్పుడు జ్వరం కుర్రవాడు దుప్పటి కప్పుకొని వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాడు. వాళ్ల మామ పడవ అప్పుడే ఒడ్డుకొచ్చిందట. వాళ్లు నిన్న తెల్లవారుజామున పోయి రాత్రంతా సముద్రం మీదే ఉన్నారు, వాళ్లకు ఈ సంగతి తెలియదు. వాళ్లది నీటి వాలుకు వదిలే వల. నీళ్లలో తెరలా వేలాడుతూ నీళ్లు ఎటు పోతే అటు పోతుంది.

"నిన్న పొద్దున వల వేస్తే ఎండెక్కేసరికి దక్షిణానికి, కోడూరు దిక్కు లాక్కోని పోయిందంటక్కా. రెండు కిలోమీటర్లు దిగిందంట. ఫోన్లో చూసుకున్నారు," అన్నాడు.

"ఎన్ని గంటల్లో?"

"ఐదు గంటలుంటాదేమో. ఎందుకక్కా?"

వాడి మాట వింటుంటే నాకు రెండు బాణాలు కనిపించాయి. ముందురోజంతా నా దగ్గర ఉన్నది ఒక్క బాణమే, పడవ పోయిన బాణం. నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయో తెలియకుండా దాంతో ఏ లెక్కా చేయలేం. ఇప్పుడు రెండోది వచ్చింది.

కత్తిరించే బల్ల మీద గుడ్డలన్నీ తీసేశాను. సుద్దముక్క, టేపు తీసుకున్నాను. కిలోమీటరుకు ఒక అంగుళం అనుకున్నాను. బల్ల మధ్యలో వల చోటు పెట్టాను. అక్కడి నుంచి పడవ దొరికిన చోటుకు పైకి, కొంచెం కుడికి, ఆరు అంగుళాలు. వాడు తెల్లవారేటప్పుడు పడ్డాడనుకుంటే, అది దొరికింది దాదాపు ఐదు గంటల తర్వాత. అదే ఐదు గంటల్లో నీళ్లు పోయింది కిందికి రెండు అంగుళాలు. ఒకే చోట మొదలైన రెండు బాణాలు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి. పడవ కూడా నీళ్ల మీదే ఉంది కాబట్టి నీళ్లు దాన్ని కూడా రెండు అంగుళాలు కిందికి లాగాయి. అయినా అది ఆరు అంగుళాలు పైకి పోయిందంటే గాలి దాన్ని ఎనిమిది అంగుళాలు తోసింది. ఖాళీ ఫైబరు పడవ, నీళ్లపైన నడుమెత్తు గోడ. గాలికి అది తెరచాప లాంటిదే. కాగితం మాదిరి పోతదని వాడే చెప్పాడు.

మరి మనిషి? మెడ దాకా నీళ్లలో ఉన్న మనిషిలో గాలికి దొరికేది తల, డబ్బా. అంతే. గాలి బాణం వాడికి దాదాపు లేదు. పడవకు రెండు బాణాలు, మనిషికి ఒక్కటే. పడవకు గాలి ఇచ్చిన బాణాన్ని తీసేస్తే మిగిలేది వాడి దారి. అది దక్షిణానికి. నిన్న వాళ్లు పడవ దగ్గర పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు వాడు అక్కడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. గంట గంటకూ ఆ దూరం పెరుగుతూ పోయింది.

ఐదు గంటలకు రెండు అంగుళాల చొప్పున ఆ మధ్యాహ్నానికి లెక్క వేస్తే పన్నెండు అంగుళాలు వచ్చింది. తలకూ డబ్బాకూ తగిలే గాలి కోసం ఒక అంగుళం వెనక్కి జరిపాను. ఆటుపోట్ల గురించి నాకు సరిగా తెలియదు, అందుకని అక్కడ ఒక చుక్క పెట్టకుండా సున్నా చుట్టాను, పెద్దదిగానే. ఆ సున్నా కోడూరు దాటి, తీరానికి ఎదురుగా పడింది.

జ్వరం కుర్రవాడు నా వెనకే నిలబడి చూస్తున్నాడు. "అక్కా, పెద్దాయన భోజనానికి ఒడ్డుకొస్తాడు. చెప్దాం పా," అన్నాడు.

ఒడ్డున మగవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. పడవ పెద్దాయన తల పట్టుకొని ఇసకలో కూర్చొని ఉన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కన వలలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు, పాలెంలో నోటి దురుసుకు పేరు పడ్డవాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. దక్షిణానికి పోండి, కోడూరు దిక్కు అన్నాను.

"బ్లౌజులు కుట్టేదానివి," అన్నాడు ముసలాయన, "సముద్రానికి కూడా కొలతలు తీస్తాండావా మే? పడవ ఆడ దొరికితే మనిషి ఈడ ఉంటాడా?"

"ఉండబట్టు తాతా," అన్నాడు పడవ పెద్దాయన. నాతో మెల్లగా అన్నాడు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. కానీ పడవలు తక్కువుండాయి, డీజిలు అయిపోతాండాది. ఒకపక్కే పోగలం. యాడికి పోవాలో తప్పు చెప్తే ఈ పూట కూడా పోయినట్టే."

ఆయన అన్నది న్యాయమే. అప్పుడు నాకు ఇసకలో బాణాలు గీయడం కంటే వేరే దారి తోచింది. ఒడ్డు వెనకే రొయ్యల చెరువుల నీళ్లు పోయే కాలువ ఉంది. అది దక్షిణానికి పారుతుంది. గాలి మాత్రం ఉత్తరానికి కొడుతూనే ఉంది. చేపల పెట్టె తెర్మాకోల్ మూత ఒకటి, తాగి పడేసిన నీళ్ల సీసా ఒకటి తెచ్చాను. సీసాలో మెడ దాకా నీళ్లు పోసి మూత బిగించాను. కాలువ గట్టు మీదికి రమ్మని వాళ్లను పిలిచాను. వచ్చారు. రెండింటినీ ఒకేసారి, ఒకే చోట వదిలాను.

తెర్మాకోల్ మూత కాసేపు తడబడి, గాలికి లేచి, పారే నీళ్లకు ఎదురు ఉత్తరానికి పోయింది. సీసా మూతి ఒక్కటే పైకి పెట్టుకొని దక్షిణానికి పోయింది. రెండూ ఒకదానికొకటి దూరమవుతూ ఉంటే మేమందరం చూస్తూ నిలబడ్డాం.

ఇది వాళ్లకు తెలియని సంగతి కాదు. వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నేను చేసిందల్లా రెండింటినీ పక్కపక్కన పెట్టడం.

ముసలాయన సీసా వంకే చూస్తూ అన్నాడు. "నిన్న పొద్దున్నించి ఆ బిడ్డ మన ఎనకమాల దక్షిణానికి పోతా ఉంటే, మనం ఉత్తరం పట్టినామే." తర్వాత పడవ పెద్దాయన వైపు తిరిగాడు. "లెయ్. నేను కూడా వస్తా."

ఆయన సముద్రం మీదికి పోయి ఏళ్లయింది. మోకాళ్లు వంగవు. ఇద్దరు పట్టుకొని ఎక్కించారు. ఉత్తరాన ఉన్న పడవలకు ఫోన్లు చేశారు. మూడు పడవలు దక్షిణానికి తిరిగాయి.

నేను ఇంటికి పోయాను. అమ్మ చర్చి నుంచి వచ్చి బల్ల మీద సుద్ద గీతలు చూస్తూ కూర్చొని ఉంది. అవి ఏమిటో చెప్పమంది. చెప్పాను. వానలో బండి లెక్క మాదిరేనా అంది. అవునన్నాను. "అయితే వాడు ఈడుంటాడు," అని సున్నా మీద వేలు పెట్టింది. ఆ వేలు తీయలేదు.

ఆ మధ్యాహ్నం నేను రెండు కోరికలు కోరుకున్నాను. లెక్క సరిగా రావాలని. లెక్క సరిగా వచ్చినా వాడు ప్రాణంతో ఉండాలని. మొదటిది తీరింది.

పొద్దు గూకకముందే ఫోను వచ్చింది. కోడూరు దాటాక, నేను గీసిన సున్నాకు లోపలే, తీరానికి కొంచెం దగ్గరగా దొరికాడు. లుంగీ చింపి డబ్బాను రొమ్ముకు కట్టుకున్నాడు. రెండు ముళ్లు, గట్టి ముళ్లు. ఎడమ చీలమండకు వల ముక్క ఇంకా చుట్టుకొనే ఉంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో పరీక్ష చేసిన డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు. పడిన వెంటనే పోలేదమ్మా, చాలాసేపు బతికే ఉన్నాడు, బహుశా ఆ రాత్రి కూడా కొంత భాగం అన్నారు. ఎందుకు చెప్పారని వారిని అనలేను. అడిగితే చెప్పారు, నేనే అడిగాను.

ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు. పాలెంలో ఎవరికీ చెప్పలేదు. ఒక్కరికి తెలిసినా, తమ డీజిలు పోసుకొని చీకటి పడేదాకా తిరిగినవాళ్లందరూ ఆ మాటను జీవితాంతం మోయాలి. వాళ్లు తప్పు చేయలేదు. ప్రేమించినదాన్ని నమ్మారు. పడవలో మనిషి ఉంటే ఆ నమ్మకం నిజమే. మనిషి దిగిపోయిన క్షణం నుంచి పడవ గాలిది, మనిషి నీళ్లది. అమ్మ కూడా పోయిన చలికాలంలో కన్నుమూసింది. ఇప్పుడు రాయొచ్చు, మిగిలినవాళ్లకు బరువైనా రాయాలి. పక్క పాలెం పడవ సంగతి నా దాకా వచ్చేసరికే అతను దొరికేశాడు, నేను నోరు విప్పే పని లేకపోయింది. ఇంకోసారి దొరక్కపోవచ్చు.

నాన్న పక్కనే వాడిని పూడ్చాం. శవం లేకుండా సమాధి ప్రార్థన చేసే ఆనవాయితీ మాకు లేదు. దొరక్కపోయి ఉంటే అమ్మ ఎన్నేళ్లైనా సముద్రం వైపు తలుపు తీసే ఉంచేది. ఒకనాడు నా పక్కన మిషను దగ్గర కూర్చొని కాజాలు, బొత్తాలు కుడుతూ అంది. "నీ లెక్క తప్పి ఉంటే, వాడు ఏ తమిళపోళ్ల పడవలోనో ఎక్కి ఉండాడని అనుకుంటా ఉండేదాన్ని." నిందగా అనలేదు. దారం తెంపి, ఇంకో బొత్తం తీసుకొని, "అయినా మట్టికి చేర్చినావులే," అంది. తర్వాత ఇద్దరం పని చేసుకున్నాం.

గ్రంథాలయానికి నేను చాలా నెలలు పోలేదు. పోయాక కూడా ఆ పుస్తకం ఉన్న అర దగ్గరికి వంగలేదు. వాడు పడవలో కూర్చొని, అలవాటుగా ఇంజను ఆపి, వెనక నుంచి గాలి తోయడం గమనించి, ఇంటికొచ్చి నాకు చెప్పిన మాట నిజమైన చదువు. నాది దాన్ని బాణంగా గీసుకున్న చదువు. రెండూ కలిసినా ఒక రోజు ఆలస్యమైంది. ఇంతకంటే నాకు చెప్పడం తెలియదు.

చదివేవాళ్లకు ఒకటే మనవి. ఖాళీ పడవ దొరికితే, ముందు ఆ మనిషి ఎక్కడ పడ్డాడో తెలుసుకోండి. ఆ రోజు నీటి వాలుకు వదిలిన వల ఎటు, ఎంత పోయిందో అడగండి. ఆ దారిలో వెతకండి. మిగిలిన పడవలుంటే ఖాళీ పడవ దగ్గరికి పంపండి.

ఇందులో నాకు తోడైనవాళ్ల పేర్లన్నీ రాసి దండం పెట్టాలని ఉంది. వద్దన్నారు, పేర్లుంటే పోలీసులు సాక్ష్యం అడుగుతారని భయం. కాబట్టి పేరు లేకుండానే. జ్వరంతో వణుకుతూ గడప మీద కూర్చొని వల సంగతి చెప్పిన తమ్ముడికి, వాళ్ల మామకు. డీజిలు లేదన్నవాడే అప్పు చేసి పోయించి దక్షిణానికి తిప్పిన పడవ పెద్దాయనకు. నేను రాని నెలల్లో నా కార్డు రద్దు కాకుండా చూసి, ఈ కాగితాల్లో తప్పులు దిద్దిన గ్రంథాలయం మేడంగారికి. అడిగితే అబద్ధం చెప్పని డాక్టరుగారికి. వాడిని దించిన కోడూరు ఒడ్డుకు మేం పోతే మంచినీళ్లిచ్చిన ఇంటివాళ్లకు. నన్ను ఎగతాళి చేసిన ముసలాయనకు. వాడిని మొదట చూసింది ఆయనేనట. మోకాళ్లు వంగనివాడు పడవ అంచు మీద బోర్లా పడుకొని రెండు చేతులతో వాడి తలను నీళ్లపైకి ఎత్తి పట్టుకున్నాడట. ఒడ్డు చేరే దాకా ఆ తల వదల్లేదట. ఇది ఆయన నాకు చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు.